ఎడారి నగరంలో ఇల్లాళ్ళు



చరిత్ర అనగానే మనలో చాలామందికి బడిలో బట్టీపట్టిన పాఠాలు గుర్తుకొస్తాయి. ఫలానా రాజు ఫలానా ఏట పట్టాభిషిక్తుడయ్యాడు, ఫలానా యుద్ధం గెలిచాడు, చెట్లు నాటించాడు, చెరువులు తవ్వించాడు. పరీక్ష రాసి ఇంటికి రాగానే అన్నీ మరచిపోయేవాళ్ళం. మెట్రిక్‌తో చదువు చాలించి, పాలవాడి లెక్కల్లోనూ పచారీ సామాను చీటీల్లోనూ పడిపోయిన నాబోటి దానికి రెండువేల ఏళ్ళనాటి పరదేశపు నగరంతో పనేమిటని మీరు అడగవచ్చు. నిజానికి నాకు అక్కడి రాజులతో పనిలేదండీ. నన్ను పట్టుకున్నది అక్కడి ఇల్లాళ్ళు.

ఆ నగరం పేరు పామైరా. సిరియా దేశపు ఎడారి నడిమధ్యన ఉన్నది. అరబ్బీలో తద్‌మూర్ అంటారు. ఇంగ్లీషువాళ్ళు మన తాటిచెట్టును పామైరా అంటారు గనుక, అదేదో తాటితోపుల ఊరు కాబోలని మొదట అనుకున్నాను. కాదు. అక్కడున్నవి ఖర్జూరపు చెట్లు. మన తాటికి ఆ పేరు పోర్చుగీసువారి మాట నుంచి వచ్చిందట. ఆ ఊరికీ మన తాటికీ ఏ చుట్టరికమూ లేదు.

2009లో మావారు కంపెనీ పని మీద కొన్ని నెలలు డమాస్కస్‌లో ఉన్నారు. పిల్లల్ని మా అత్తగారి దగ్గర వదిలి నేనూ మూడు వారాలు వెళ్ళివచ్చాను. ఏప్రిల్ నెలలో ఒక శుక్రవారం తెల్లవారుజామున బస్సెక్కి పామైరాకు బయలుదేరాం. రెండువందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ఊరు దాటిన కాసేపటికే చెట్టన్నది మాయమైంది. ఎడారి అంటే సినిమాల్లో చూసే ఇసుక తిన్నెలనుకున్నాను గానీ, అక్కడిది గులకరాళ్ళు పరచిన బూడిదరంగు బీడు. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ నాకు రొట్టె, ఆలివ్ కాయలు పెట్టింది. నేను స్టీలు డబ్బా విప్పి పులిహోర పెట్టాను. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి తెలియదు. పోపులో ఎండుమిరపకాయ కొరికాక ఆవిడ ముఖం చూసి ఇద్దరం పగలబడి నవ్వాం.

అంత బీడులో ఒక్కసారిగా పచ్చని ఖర్జూరపు తోటలు, వాటి వెనక తేనెరంగు రాతిస్తంభాల వరసలు కనిపించాయి. ఇక్కడ నగరం కట్టాలని ఎవరికి తోచిందా అనిపిస్తుంది. జవాబు నీళ్ళే. ఎఫ్కా అని అక్కడొక ఊట ఉండేది. గంధకం వాసనవేసే గోరువెచ్చని నీళ్ళు. మేము వెళ్ళేనాటికి అది ఎండిపోయింది గానీ, వేల ఏళ్ళపాటు ఆ ఊటే ఊరికి ప్రాణం. పడమట మధ్యధరా సముద్రపు రేవులు, తూర్పున యూఫ్రటీస్ నది. ఆ రెంటి నడుమ సరుకు మోసే ఒంటెల బిడారులకు ఈ ఊరు చలివేంద్రం వంటిదన్నమాట. నీళ్ళు తాగడానికి ఆగినవాళ్ళు బేరాలు ఆడారు. బేరాల మీద ఊరు నగరమైంది.

ముందుగా బేల్ దేవాలయానికి వెళ్ళాం. బేల్ ఆ ఊరి పెద్ద దేవుడు. క్రీస్తుశకం 32లో ఆ గుడి ప్రతిష్ఠ జరిగింది. ఆ గుడిని తరవాత చర్చి చేశారు, ఆపైన మసీదు చేశారు. అంతకన్నా నాకు వింతగా తోచిన సంగతి, దాని విశాలమైన ఆవరణలోనే 1930 ప్రాంతం దాకా ఒక పల్లె కాపురం ఉండేది. ఆనాడు దేశాన్ని ఏలుతున్న ఫ్రెంచివారు తవ్వకాల కోసం ఆ ఇళ్ళు తీయించి, పక్కనే కొత్త ఊరు కట్టించి వారిని అక్కడికి పంపారు. అంటే ఆ స్తంభాల మధ్య పొయ్యిలు వెలిగాయి, బట్టలు ఆరాయి, పిల్లలు ఆడుకున్నారు. గర్భాలయపు సింహద్వారం కింద నిలబడి నేనొక ఫోటో తీయించుకున్నాను. ఆ ఫోటో సంగతి మళ్ళీ చెబుతాను.

గుడి నుంచి బయటికి వస్తే పెద్దబజారు. కిలోమీటరు పైన పొడవు, రెండువైపులా స్తంభాలు. ప్రతి స్తంభానికీ సగం ఎత్తున గూటిపలకలాగా ఒక రాయి ముందుకు వచ్చి ఉంటుంది. దాని మీద ఒకప్పుడు ఊరికి మేలుచేసినవారి విగ్రహం నిలబెట్టి, కింద పేరు చెక్కేవారు. చాలామటుకు వర్తకులవీ, బిడారులను క్షేమంగా నడిపించిన నాయకులవీ. విగ్రహాలు ఇప్పుడు లేవు. పేర్లు మాత్రం గ్రీకులోనూ, పామైరావారి అరమాయిక్ లిపిలోనూ ఉన్నాయి.

సుంకాల విషయంలో వాళ్ళు మహా గట్టివాళ్ళు. 137లో నగరసభవారు సుంకాల పట్టిక అంతా దాదాపు అయిదు మీటర్ల రాతిపలక మీద చెక్కించారు. పాత చట్టంలో చాలా సరుకుల పేర్లు లేక, వర్తకులకూ సుంకరులకూ రోజూ తగాదాలు వస్తున్నాయని అందులోనే రాశారు. 1881లో దొరికిన ఆ పలక ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. ఒంటె మీద పరిమళతైలం చలువరాతి బుడ్లలో వస్తే 25 దీనారాలు, మేకతోలు తిత్తుల్లో వస్తే 13. ఉప్పుకు ఇంత, ఎండుచేపకు ఇంత, ఊరి ఊట వాడుకున్నందుకు ఇంత. చదువుతుంటే నెలసరి పద్దు పుస్తకం చూస్తున్నట్టే ఉంటుంది. అంతలో ఒక పద్దు దగ్గర మనసు చివుక్కుమంటుంది. ఊళ్ళోకి తెచ్చిన ఒక్కో బానిసకు 22 దీనారాలు. తైలమూ, ఉప్పూ, మనిషీ ఒకే పట్టికలో! ఈ పద్దు గుర్తుంచుకోండి.

వాళ్ళ వ్యాపారం మన దేశం దాకా వచ్చిందండీ. పర్షియా సింధుశాఖ చివరనున్న రేవు నుంచి పామైరా వర్తకులు ఓడలు నడిపేవారు. 157వ సంవత్సరపు శాసనమొకటి, స్కిథియా నుంచి ఓడలో తిరిగివచ్చిన వర్తకుల మాట చెబుతుంది. సింధునది సముద్రంలో కలిసే ప్రాంతాన్ని ఆనాడు స్కిథియా అనేవారు. అరేబియా సముద్రంలో సొకోత్రా అనే దీవి ఉన్నది. అక్కడి గుహ ఒకదానిలో, 258లో ఒక పామైరా మనిషి రాసి ఉంచిన చెక్కపలక దొరికింది. అదే గుహ గోడల మీద మన దేశపు నావికులు బ్రాహ్మీలిపిలో రాసుకున్న పేర్లు కూడా చాలా ఉన్నాయి. సముద్రం మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగేవాళ్ళందరూ ఒకేచోట పేరు రాసుకుని దండం పెట్టుకున్నారన్నమాట.

ఇక నేను చెప్పవచ్చిన అసలు సంగతికి వస్తాను.

ఊరికి పడమట కొండవాలున బురుజుల్లాంటి కట్టడాలు కొన్ని నిలబడి ఉండేవి. అవి సమాధులు. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క బురుజు. ఒక ఉద్యోగి తాళంచెవుల గుత్తితో వచ్చి, 103లో కట్టిన ఎలాబెల్ అనేవారి బురుజు మాకు తెరిచి చూపించాడు. నాలుగు అంతస్తులు. లోపల గోడల నిండా అరలు, మన పుస్తకాల బీరువాలోలాగా. ఒక్కో అరలో ఒక్కో మనిషిని పడుకోబెట్టి, ముందు చతురపు రాతిపలకతో మూసేవారు. ఆ పలక మీద లోపలున్నవారి బొమ్మ రొమ్ము దాకా చెక్కి ఉంటుంది, పక్కన పేరు ఉంటుంది. ఈ బురుజుల్లో చీనాదేశపు పట్టుగుడ్డ ముక్కలు సైతం దొరికాయట. ఆ చెక్కుడు బొమ్మలు మాత్రం చాలావరకు మ్యూజియంలోకి చేరాయి. లండన్, పారిస్, ఇస్తాంబుల్, కోపెన్‌హాగెన్ మ్యూజియంలలోనూ ఎన్నో ఉన్నాయి. అన్నీ కలిపి మూడువేలకు పైమాటే.

మ్యూజియంలో ఆ ఆడవాళ్ళ వరస ముందు నిలబడ్డప్పుడు నాకు పేరంటంలోకి వచ్చినట్టు అనిపించింది. నుదుటికి పట్టీ, తలకు చుట్టిన పాగా, దాని మీంచి భుజాల మీదికి దిగిన మేలిముసుగు. ఒక చేయి పైకెత్తి ముసుగు అంచు పట్టుకున్న తీరు చూస్తే, గుమ్మంలోకి ఎవరో వస్తే మనం కొంగు సవరించుకున్నట్టే ఉంది. ఇక రెండో చేతిలో ఏముందని చూద్దును గదా, కదురు! ఉన్ని చుట్టిన పుల్ల, నూలు వడికే కదురు. మా అమ్మమ్మ తకిలీ పట్టుకున్నట్టే రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నారు. మరికొందరికి భుజం దగ్గరి పిన్నుకు తాళంచెవి వేలాడుతున్నది. ఆ రోజుల్లోనూ బీరువా తాళం ఇల్లాలి దగ్గరే ఉండేదేమో! ఒకావిడ భుజం వెనక చిన్నపిల్లవాడు తొంగిచూస్తున్నాడు.

తొలికాలపు బొమ్మల్లో కదురు ఎక్కువ. రెండో శతాబ్దం గడిచేకొద్దీ కదుర్లు తగ్గి నగలు పెరిగాయి. మెడలో అయిదారు వరసలు, చేతులకు గాజులు, వేళ్ళకు ఉంగరాలు, చెవులకు జుంకాలు. సంపద పెరిగిన ఇంట్లో ఎక్కడైనా జరిగేదే కదండీ.

ప్రక్కనున్న రాత ఏమిటని అడిగితే, మాకు చూపిస్తున్న కుర్రవాడు చదివి చెప్పాడు. అన్నీ దాదాపు ఒకే తీరు. ఫలానా ఆమె, ఫలానావారి కూతురు, ఫలానావారి మనమరాలు, ఫలానావారి ఇల్లాలు. ఆఖర్న ఒక్క మాట, “హబల్”. అంటే అయ్యో అని అర్థం. గొప్పలు లేవు, శ్లోకాలు లేవు. పేరు చెప్పి, అయ్యో అన్నారు. అంతే.

మ్యూజియం బయట తోటలో పెద్ద రాతిసింహం ఉండేది. పదిహేను టన్నుల బరువు. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో అల్లాత్ అనే అమ్మవారి గుడికి చెక్కినది. 1977లో పోలెండు శాస్త్రజ్ఞులు తవ్వి తీశారు. సింహం ముందుకాళ్ళ మధ్య ఒక జింక నిశ్చింతగా కూర్చుని ఉంటుంది. అమ్మవారి నీడన నెత్తురు చిందించనివారిని ఆమె దీవిస్తుందని దాని మీద రాసి ఉంది. అమ్మవారూ సింహమూ మనకు కొత్తకాదు. కానీ వేటజంతువు కాళ్ళ మధ్య జింక కునుకు తీయడం నాకెంతో నచ్చింది.

పామైరా అంటే ప్రపంచానికి గుర్తుకొచ్చేది జెనోబియా మహారాణి. నేను సామాను కొన్న 500 పౌండ్ల నోటు మీద కూడా ఆవిడ బొమ్మే. భర్త ఒడయినాథుడు 267 ప్రాంతంలో హత్యకు గురైతే, పసివాడైన కొడుకు పేర రాజ్యం చేతబట్టింది. 270లో ఈజిప్టును గెలిచింది. రోము చక్రవర్తి అరేలియన్ 272లో ఆమె మీదికి వచ్చాడు. సాయం కోసం పర్షియావైపు వెళుతుండగా యూఫ్రటీస్ దగ్గర పట్టుబడింది. మరుసటి ఏడు ఊరు తిరగబడితే రోము సైన్యం దోచుకుంది. ఆ వైభవం మళ్ళీ రాలేదు. రాణి ఏమైందంటే ఒకరు దారిలో అన్నం మాని చనిపోయిందంటారు, ఇంకొకరు బంగారు సంకెళ్ళతో రోము వీధుల్లో నడిపించారంటారు, మరొకరు అక్కడే మళ్ళీ సంసారం పెట్టుకుని బతికిందంటారు. పెద్దబజారులో 271లో ఆమెకు విగ్రహం పెట్టారని శాసనం ఉన్నది గానీ విగ్రహం లేదు. అంత గొప్ప రాణి ముఖం ఎలా ఉండేదో, నాణేల మీది చిన్న బొమ్మ తప్ప మనకు ఆధారం లేదు. నూలు వడికిన ఇల్లాళ్ళ ముఖాలు మాత్రం కనుబొమలతో సహా ఉన్నాయి.

ఇంటికొచ్చాక ఆ ప్రయాణం మెల్లగా మరుగున పడింది. 2015 మే నెలలో ఐసిస్ తీవ్రవాదులు పామైరాను పట్టుకున్నారని టీవీలో విన్నాను. ఆ ఏడు ఆగస్టు 18న ఖాలెద్ అల్ అసాద్ అనే ఎనభై దాటిన పెద్దాయనను బహిరంగంగా చంపారు. ఆయన 1963 నుంచి 2003 దాకా, నలభై ఏళ్ళు ఆ శిథిలాలకు అధికారి. అక్కడే పుట్టినవాడు. ఆ పాత లిపి స్వయంగా నేర్చుకుని, ఇందాక నేను చెప్పినటువంటి రాతలెన్నో చదివి అచ్చువేయించాడు. కూతురికి జెనోబియా అని పేరు పెట్టుకున్నాడు. ఊరు పడిపోకముందే మ్యూజియంలోని వందలాది బొమ్మలను లారీల్లో డమాస్కస్‌కు తరలించడంలో ఆయనా, ఆయన కుటుంబమూ చేయి వేశారు. వెళ్ళిపొమ్మని అందరూ చెప్పినా ఆయన ఊరు విడవలేదు. వస్తువులు ఎక్కడ దాచారో చెప్పమని వారాల తరబడి నిర్బంధించి అడిగారట. చెప్పలేదట.

ఆగస్టు 23న బాల్‌షమీన్ గుడిని, 30న బేల్ గుడిని పేల్చివేశారు. ఎలాబెల్ బురుజూ పోయింది. అక్టోబరులో పెద్దబజారు తోరణం కూలింది. జింకను కాపాడిన సింహాన్ని ముక్కలు చేశారు. నేను బీరువాలోంచి పాత ఆల్బం తీసి, బేల్ గుడి ద్వారం కింద దిగిన ఫోటో చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. తరవాత చూస్తే, గర్భాలయం అంతా నేలమట్టమైనా ఆ ఒక్క ద్వారబంధం నిలిచి ఉంది! గోడలు లేవు, పైకప్పు లేదు, వాకిలి మాత్రం ఉన్నది.

2017 మార్చిలో వాళ్ళను ఊళ్ళోంచి పూర్తిగా వెళ్ళగొట్టారు. ఆ సింహాన్ని ముక్కలు ఏరి అతికి, అదే ఏడు డమాస్కస్ జాతీయ మ్యూజియంలో నిలబెట్టారు. సుత్తితో ముఖాలు పగలగొట్టిన ఒక ఆడబొమ్మను, ఒక మగబొమ్మను రోముకు పంపి బాగుచేయించారు. ఒకనాడు ఊరిని దోచిన రోములోనే ఆ మరమ్మతు జరగడం కాలమహిమ.

ఇప్పుడు ఆ బానిసల పద్దు గుర్తు చేసుకోండి. ఇంగ్లండు ఈశాన్యతీరాన సౌత్ షీల్డ్స్ అనే ఊళ్ళో రోమనుల కోట ఒకటి ఉండేది. 1878లో అక్కడొక సమాధిరాయి దొరికింది. పామైరావాడైన బరాతెస్ అనే అతను తన భార్య రెజీనాకు పెట్టించినది. ఆమె బ్రిటన్ అమ్మాయి, బానిస. అతడు ఆమెను బానిసత్వం నుంచి విడిపించి పెళ్ళాడాడు. ముప్పయ్యో ఏట పోయింది. రాతి మీద ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. ఒడిలో కదురు, ఒకపక్క ఉన్ని ఉండల బుట్ట, మరోపక్క నగలపెట్టె. ముఖం మాత్రం చెదిరిపోయింది. కింద లాటిన్‌లో వివరం. ఆ కింద, ఆ చలిదేశంలో బహుశా అతనికి తప్ప ఎవరికీ చదవరాని లిపిలో ఒక్క పంక్తి చెక్కించాడు: రెజీనా, బరాతెస్ విడిపించిన ఆమె, అయ్యో. పట్టికలో పేరు లేకుండా ఒక పద్దుగా పోవలసిన పిల్లకు అతడు పేరు నిలబెట్టాడు.

ఇది చదివిన తరవాత నాకొక ఆలోచన వచ్చింది. మా ఇంట్లో ఇత్తడి బిందె ఒకటి ఉంది. అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి నాకు వచ్చింది. అందరూ తాతమ్మ బిందె అంటారు. తాతమ్మ అంటే అమ్మమ్మకు అమ్మ. ఆవిడ పేరేమిటని అమ్మను అడిగితే, “ఏమోనమ్మా, మేమూ తాతమ్మ అనే పిలిచేవాళ్ళం” అన్నది. పిన్నికీ తెలియదు. పొలం కాగితాల్లో తాతయ్యల పేర్లు నాలుగు తరాలవి ఉన్నాయి. ఆవిడ మాట ఎక్కడా లేదు. ఒకనాడు పండక్కి చింతపండు వేసి ఆ బిందెను తోముతుంటే, అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు తేలాయి. కనకమ్మ.

పుట్టింటివాళ్ళు కాపురానికి పంపుతూ వేయించిన పేరు. ఎన్నేళ్ళుగానో నా చేతిలోనే ఉంది. చూడలేదు. సంతోషించవలసింది గానీ నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎందుకంటే ఆ బిందెకు జోడుగా ఒక గుండిగ ఉండేది. అటక మీద చోటు లేదని నేనే తూకానికి వేసి స్టీలు డబ్బాలు తీసుకున్నాను. దాని అంచు కింద ఎవరి పేరుందో ఇక తెలియదు. ఎక్కడో ఎవరో గుళ్ళు పేల్చారని బాధపడ్డాను గదా, నా ఇంటి శాసనం నేనే కరిగించాను. హబల్!

అందుచేత నా మనవి ఒకటే. పాత ఇత్తడి సామాను వేసేముందు ఒక్కసారి చింతపండుతో తోమి, అంచు కింద చూడండి. మీ అమ్మమ్మ పేరు, ఆవిడ తల్లి పేరు, నాయనమ్మ పేరు, ఆవిడ తల్లి పేరు తెలిసినవాళ్ళు బతికి ఉండగానే అడిగి, పచారీ పద్దు పుస్తకంలోనైనా సరే, మొదటి పేజీలో రాసుకోండి. రాయి చెక్కించనక్కరలేదు. మీ పిల్లలచేత ఒక్కసారి పైకి చదివిస్తే చాలు.